ఎడమ అంచు

గల్ఫ్ నుంచి దిగినవాళ్ళ పెట్టె విప్పేటప్పుడు చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి కూర్చోవడం మా కొత్తపేట వైపు రివాజు. మావారు మస్కట్ నుంచి వచ్చేసినప్పుడు కూడా వచ్చి కూర్చున్నారు. పెట్టెలో సెంటు సీసాలు లేవు, దుప్పట్లు లేవు. రంగురంగుల ప్లాస్టిక్ బటన్లు ఓ సంచీడు, పైన ఎర్ర గుండు ఉన్న ఇనప పుల్లలు రెండు, వైర్ల చుట్టలు, నాలుగు మడతలు పెట్టిన పెద్ద కొలత కాగితం. చూడ్డానికి వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

అక్కడ ఓ పెద్ద షాపింగ్ మాల్లో గేములు ఆడే మిషన్ల దగ్గర ఆయన పద్నాలుగేళ్ళు పనిచేశారు. మిషను ముందు నిలబడి చేతులు పెట్టి ఆడే బల్లలాంటిది ఉంటుంది, దాన్ని ప్యానెల్ అంటారు. అది పాతబడితే కొత్తది బిగించి, పైన బొమ్మల స్టిక్కరు అతికించి, వేలాడే అంచులు బ్లేడుతో కోసి, బటన్ల కన్నాలు తెరవడం ఆయన పని. తను కోసిన అంచు మీద గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగలదని గొప్పగా చెప్పుకునేవారు. నేను రవికలు కుట్టేదాన్ని. నా కత్తెర గురించి నేనూ నలుగురిలో అలాగే కోతలు కోసేదాన్ని కాబట్టి ఆయన గొప్ప నాకు అర్థమయ్యేది.

ఆయన వచ్చింది సెలవు మీద కాదు. ఒకరోజు పని మధ్యలో పడిపోయారు. మెదడులో కుడిపక్క రక్తం గడ్డ కట్టిందన్నారు. నెల్లాళ్ళు అక్కడి ఆస్పత్రిలో ఉంచి, చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు. మూడు నెలలకి కర్రతో నడిచారు, ఆరు నెలలకి కర్ర పక్కన పెట్టేశారు. ఎడమ చెయ్యి మాత్రం కాగితం కదలకుండా అదిమి పెట్టడానికి తప్ప పనికిరాలేదు. కుడి చెయ్యి చెక్కుచెదరలేదు, మాట తడబడలేదు. చూసినవాళ్ళంతా అదృష్టవంతుడన్నారు, నేనూ అదే అనుకున్నాను.

అనుమానం మొదట కంచం దగ్గర వచ్చింది. ఆయన సగం తిని లేచిపోయేవారు. సరిగ్గా సగం. కంచంలో కుడిపక్క తుడిచినట్టు ఖాళీగా ఉండేది, ఎడమపక్క అన్నం, పచ్చడి వడ్డించింది వడ్డించినట్టే ఉండేవి. పైగా పచ్చడి వెయ్యలేదేమని నామీద విసుగు. ఎదురుగా పెట్టిన దోసావకాయ కనపడక అలిగే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదని ఒళ్ళు మండేది. తర్వాత గమనిస్తే గడ్డం సగమే గీసుకుంటున్నారు. చొక్కా కుడి చేతికి తొడుక్కుని ఎడమ చెయ్యి వదిలేస్తున్నారు. గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకుని కమిలిపోయేది. ద్వారబంధాన్నే తిట్టేవారు.

కాకినాడ తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాగితం మీద గుండ్రంగా గీసి, ఇది గడియారం, అంకెలు వెయ్యండి అంది. ఆయన ఒకటి నుంచి పన్నెండు దాకా శ్రద్ధగా వేశారు, అన్నీ కుడి సగంలోనే ఇరికించారు. ఎడమ సగం తెల్లగా ఉండిపోయింది. సరిపోయిందా అని ఆవిడ అడిగితే, సరిపోకేం అన్నారు.

ఆవిడ నన్ను బయటికి పిలిచి విడమరిచి చెప్పింది. కళ్ళు బాగానే ఉన్నాయట. ఎడమపక్క ఒకటుందన్న సంగతే మెదడు లెక్కలోకి తీసుకోవడం లేదట.

"పెద్ద చిక్కేంటంటే అమ్మా, అది పోయిందని ఆయనకి తెలీదు. మీరు కంచం తిప్పొద్దు. ఎడమపక్క చూడండి అని చెప్పండి. వందసార్లు చెప్పండి. మాట్లాడేవాళ్ళని ఎడమపక్కే కూర్చోబెట్టండి. కోపం వస్తుంది, రానివ్వండి. అలా చెప్పగా చెప్పగా కొంతమందికి అలవాటవుతుంది."

ఇంటికొచ్చి చెప్పడం మొదలుపెట్టాను. ఎడమపక్క చూడండి, ఇంకా ఎడమపక్క, ఇంకొంచెం. మొదటిరోజు నవ్వేశారు. రెండోరోజు విసుక్కున్నారు. మూడోరోజు, నాకేమన్నా పిచ్చనుకుంటున్నావా అని కంచం తోసేశారు. నాలుగోరోజు పెళ్ళాం తన తిండి కూడా లెక్కపెడుతోందని వాళ్ళక్కకి ఫోను చేసి ఏడ్చారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. ఐదోరోజు మజ్జిగ తెస్తున్నట్టు వెళ్ళి, వస్తూ వస్తూ కంచం సగం తిప్పేశాను. ఇప్పుడే వడ్డించాననుకుని మిగిలిన సగం కూడా తిన్నారు. ఇవాళ పచ్చడి బాగుందన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో నాకు ఇప్పుడు తెలుసుగాని అప్పుడు తెలీదు.

మా వదినగారు, అంటే ఆయన అక్కగారు, పరిగెత్తుకొచ్చింది. నేను డాక్టరమ్మ చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ కళ్ళొత్తుకుని, "వాడు బతికి బయటపడ్డాడు, అదే పదివేలు. లేనిదాన్ని లేదు లేదని రోజూ గుర్తుచెయ్యడం ఎందుకే" అంది. నాకూ కావలసింది ఆ మాటే. ఆవిడ చెప్పగా ఊళ్ళో అందరికీ తెలిసింది.

మా వైపు మనిషి లోపం మనిషి మొహాన చెప్పరు. బూతులు తిట్టుకున్నా గారు తగిలించే ఊళ్ళు మావి. పలకరించడానికి వచ్చినవాళ్ళు కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి ఆయనకి కుడిపక్క వేసుకునేవారు. మంగలి ఇంటికొచ్చి, ఓసారి నా చేత చేయించుకోండి బాబూ అని బతిమాలినట్టు బతిమాలి గడ్డం గీసి వెళ్ళేవాడు. నేను చెప్పులు కుడిపక్క పెట్టేదాన్ని, మంచినీళ్ళు కుడిపక్క పెట్టేదాన్ని, ద్వారబంధానికి పాత బొంత మడిచి కట్టేశాను. మొగుణ్ణి పువ్వుల్లో పెట్టి చూసుకుంటోందని నన్ను అందరూ మెచ్చుకున్నారు. నాకు అది నచ్చలేదని చెబితే అబద్ధం. అలా ఏడాదిన్నర గడిచింది.

పోయిన ఎండాకాలంలో ఆయనకి గేము మిషను చెయ్యాలని బుద్ధి పుట్టింది. పాత టీవీకి తగిలించి ఇద్దరు ఆడేలా ఇంట్లోనే ప్యానెల్ చేస్తానన్నారు. పెట్టెలోంచి కొలత కాగితం తీశారు. వడ్రంగి ఆ కాగితం ప్రకారం ప్లైవుడ్డు కోసి, కన్నాలు పెట్టి ఇచ్చాడు. ఎడమపక్క ఆడేవాళ్ళకి ఆరు బటన్లు, ఓ పుల్ల. కుడిపక్క ఆడేవాళ్ళకీ అంతే. మీద వెయ్యడానికి ఓడలరేవు ఒడ్డున తీసిన ఫోటో ఎంచుకున్నారు. కుడివైపు ఒడ్డుకి లాగిన పడవలు, మధ్యలో సముద్రం, ఎడమ చివర గ్యాసు గొట్టం మీద మండే మంట. అమలాపురంలో ఫ్లెక్సీ కొట్టుకి పంపి స్టిక్కరు షీటు మీద అచ్చు వేయించాం.

షీటు రాగానే విప్పి చూసి, మంటేది అన్నారు. ఎడమ చివర ఎర్రగా మండుతూనే ఉంది. కొట్టతనికి ఫోను చేసి, మంట కోసేసి ఎలా వేస్తావయ్యా అని చెడామడా తిట్టారు. నేను పెరట్లోకి వెళ్ళి అతనికి మళ్ళీ ఫోను చేసి సంగతి చెప్పాను. అతను పాపం ఆయనకి ఫోను చేసి, "తప్పయిపోయిందండీ, వేరేది పంపించేస్తానండీ" అన్నాడు. మర్నాడు అదే షీటుని నేనే కొత్తదానిలా చుట్ట చుట్టి, ఈసారి షీటంతా ఆయనకి కుడి చేతి పక్కనే పడేట్టు పరిచి చూపించాను. ఇప్పుడు సరిగ్గా వేశాడన్నారు. మంచివాళ్ళందరం కలిసి ఒక మనిషిని ఎంత చక్కగా మోసం చెయ్యగలమో చూస్తే ఇప్పుడు నాకు చలి పుడుతుంది.

అతికించడం ఇద్దరం కలిసి చేశాం. నేను వెనక కాగితం కొంచెం కొంచెంగా లాగుతుంటే, ఆయన స్కేలుకి గుడ్డ చుట్టి గాలి బుడగలు లేకుండా నొక్కుకుంటూ వచ్చారు. సగం దాటాక నొక్కింది నేనే. నాలుగు వైపులా అంగుళం అంగుళం షీటు వేలాడుతోంది. ఇక కోత మిగిలింది. ఆ కోత తన ఒక్కడిదే అన్నారు.

నేను గుడ్డ కత్తిరించే బల్ల మీదే పెట్టుకున్నారు. ఆ బల్ల గోడకి ఆనించి ఉంటుంది, చుట్టూ తిరగడానికి లేదు. కట్టరు ముక్కు విరిచి కొత్త బ్లేడు తీశారు. చెక్క అంచుకి బ్లేడు ఏటవాలుగా ఆనించి ఒక్క లాగు లాగితే సముద్రం ముక్క రిబ్బనులా ఊడి కింద పడింది. కన్నం ఉన్నచోట వేలితో తడిమి, నడుమ పొడిచి, నడుమ నుంచి అంచుకి నాలుగు గాట్లు పెట్టి, చుట్టూ తిప్పితే గుండ్రంగా తెరుచుకుంది. ఒకటి, రెండు, మూడు, ఆరూ అయ్యాయి. పుల్ల కన్నం అయింది. కుడి అంచు, పై అంచు సగం, కింద అంచు సగం. బ్లేడు కింద పెట్టి, ధూళి ఊది, గుడ్డతో తుడిచి నావైపు చూశారు.

"అయిపోయింది. గోరు పెట్టి చూడు."

కుడి అంచు మీద గోరు పెట్టి లాగాను. నిజంగానే ఎక్కడా తగల్లేదు. ఎడమపక్క అంగుళం షీటు ఇంకా వేలాడుతోంది. ఆరు బటన్ల కన్నాలూ, పుల్ల కన్నమూ బొమ్మ కింద మూసుకునే ఉన్నాయి. ఆయన మొహంలో రెండేళ్ళ తర్వాత వెలుగు చూశాను. ఆ వెలుగు మీద నీళ్ళు పోసే ధైర్యం నాకు లేకపోయింది.

బాగుందన్నాను.

ఆయన భోంచేసి నడుం వాల్చగానే కట్టరు తీసుకున్నాను. పాతికేళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి నాది. గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టు కోసం కొంచెం వదిలి కత్తిరించడమే నాకు తెలుసు, ఉన్న అంచుకి సరిగ్గా కొయ్యడం రాదు. రెండుచోట్ల వంకర పోయింది. బొటనవేలు తెగితే రక్తం మంట బొమ్మ మీద పడింది, ఉమ్మి పెట్టి తుడిచాను. ఆరు కన్నాలూ, పుల్ల కన్నమూ తెరిచాను. సాయంత్రం ఆయన కుడిపక్క బటన్లు బిగిస్తుంటే నేను ఎడమపక్కవి బిగించాను. టీవీకి తగిలించి ఆడారు, కుడిపక్క కూర్చునే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది.

ఆ ప్యానెల్ ఫోటో తీసి మస్కట్‌లో తన దగ్గర పని నేర్చుకున్న ఒకతనికి పంపారు. అతను ఇప్పుడు రాజమండ్రిలో ఓ గేముల హాలుకి సూపర్‌వైజరు. ఫోటో చూసి ఆ సాయంత్రమే ఫోను చేశాడు. వాళ్ళ దగ్గర స్టిక్కర్లు చిరిగిపోయిన ప్యానెళ్ళు చాలా ఉన్నాయట, చేసేవాళ్ళు దొరకడం లేదట. ఒక్కటి మా యజమానికి ఎదురుగా చేసి చూపించండి గురువుగారూ, మర్నాటి నుంచే పనిలోకి రావచ్చు అన్నాడు.

ఆయన ఆ వారం రోజులూ వేరే మనిషి. చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నారు. పొద్దున్నే సెంటరుదాకా నడిచి వెళ్ళి, మళ్ళీ పనిలోకి వెళ్తున్నానని కనపడిన వాళ్ళందరికీ చెప్పి వచ్చారు. వాళ్ళందరూ చాలా సంతోషమండీ అన్నారు. ఒక్కరంటే ఒక్కరు, నాతో సహా, ఎలా చేస్తారండీ అని అడగలేదు. వద్దని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ, చొక్కాకి ఏ రంగు ప్యాంటు బాగుంటుందని అడిగారు. చివరికి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పక్కనే నిలబడతాను, ఆయన సగం కొయ్యగానే చెక్కని చేత్తో పట్టుకుని అటు తిప్పేస్తాను, కంచం తిప్పినట్టే. ఎవరు చూడొచ్చారు?

ఆ రోజు పొద్దున బస్సెక్కి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళాం. గేముల హాలు ఇంకా తెరవలేదు, మిషన్లన్నీ చీకటిగా వరసగా నిలబడి ఉన్నాయి. సూపర్‌వైజరు ఆయన కాళ్ళకి దండం పెట్టాడు. షీటు వాళ్ళే అతికించి ఉంచారు, కోత ఒక్కటే మిగిలింది. దగ్గరికెళ్ళి ఆ ప్యానెల్ అంచు పట్టుకుని కదిపి చూశాను. అది మిషనుకి బోల్టులతో బిగించి ఉంది. తిప్పడానికి లేదు. ఎడమపక్క ఇంకో మిషను ఆనుకుని ఉంది, నేను నిలబడ్డానికి కూడా చోటు లేదు.

యజమాని వచ్చాడు, పనివాళ్ళు నలుగురు చుట్టూ చేరారు. ఆయన బ్లేడు ముక్కు విరిచారు. ఆ కోత చూసి ఒక పనివాడు ఫోను తీసి వీడియో తియ్యడం మొదలుపెట్టాడు. యజమాని వంగి చూసి తల ఊపాడు. సూపర్‌వైజరు, ఈయన దగ్గరే నేర్చుకున్నానండీ అని నాలుగుసార్లు అన్నాడు. కుడి అంచు అయింది, కుడి కన్నాలు అయ్యాయి. బ్లేడు నడిమికి వచ్చింది. ఇంకొక్క అంగుళం, ఇంకొక్క అంగుళం వెళ్ళు తల్లీ అని నేను ఆ బ్లేడుకి మొక్కాను.

ఆయన బ్లేడు కింద పెట్టారు. ధూళి ఊదారు. గుడ్డతో తుడిచి, తలెత్తి నవ్వారు.

వీడియో తీస్తున్నవాడు నవ్వబోయి, సూపర్‌వైజరు మొహం చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళదీ గోదావరి నీళ్ళు తాగిన మర్యాదే. యజమాని గొంతు సవరించుకుని, చాలా బాగా చేశారండీ, భోజనం చేసి వెళ్ళండి, మేము కబురు చేస్తాం అన్నాడు.

కబురు చేస్తాం అంటే ఏమిటో పద్నాలుగేళ్ళు పరాయి దేశంలో పనిచేసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది గాని కళ్ళు మారాయి. ఏం తగ్గింది అని యజమానిని అడిగారు. ఏం లేదండీ అన్నాడు. సూపర్‌వైజరుని అడిగారు. అతను నేల చూశాడు. మళ్ళీ అడిగారు. అప్పుడు నావైపు తిరిగారు.

అక్కడున్న మర్యాదస్తులందరి మీదా, అందరికంటే ముందు నా మీదా నాకు అసహ్యం వేసింది. ఆయన కుడి చెయ్యి పట్టుకున్నాను. ఇలా రండి అన్నాను. ఆ చేతిని ప్యానెల్ మీదుగా ఎడమవైపు లాక్కెళ్ళి, వేలాడుతున్న షీటు అంచు మీద వేళ్ళు పెట్టాను.

వేళ్ళకి వెంటనే తెలిసింది. కొయ్యని అంచు ఏమిటో ఆ వేళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అంచు పట్టుకుని కింద నుంచి పైకి తడిమారు. అక్కణ్ణుంచి లోపలికొచ్చి మూసుకున్న కన్నాల మీద ఒక్కొక్కదాన్నే నొక్కి చూశారు. వేళ్ళ వెంట తల మెల్లగా తిరిగింది. రెండేళ్ళలో ఆయన ఎడమవైపు చూడడం నేను అదే మొదటిసారి చూశాను. చాలాసేపు చూశారు.

"ఇంట్లోది?" అన్నారు.

"నేనే కోసేనండీ."

"ఎవరెవరికి తెలుసు?"

అక్కగారికి, మంగలికి, ఫ్లెక్సీ కొట్టతనికి అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. లెక్క తేలేది కాదు.

"అందరికీ తెలుసండీ."

ఆయన చెయ్యి ఆ అంచు మీద నుంచి తియ్యలేదు. తీస్తే మళ్ళీ పోతుందేమోనన్నట్టు పట్టుకున్నారు. యజమాని, పనివాళ్ళు ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేనండీ. నాలుగు రోజులు చెప్పేను. మీరు ఏడిచేరని ఐదోరోజు మానేసేను."